తోడు చుక్కలోని జన్యువులు

పాలలో ఉండే చక్కెర లాక్టోజ్. ఆవు పాలలో అది నూటికి దాదాపు ఐదు పాళ్లు, అంటే లీటరు పాలకు యాభై గ్రాములకు కాస్త అటూ ఇటూ. గ్లూకోజ్, గాలక్టోజ్ అనే రెండు చిన్న చక్కెరలు జతకడితే లాక్టోజ్ అవుతుంది. పంచదారతో పోలిస్తే దీని తీపి చాలా తక్కువ. అంత చక్కెర ఉన్నా పాలు నాలుకకు చప్పగా తగలడానికి కారణం అదే. గోరువెచ్చని పాలలో చెంచాడు తోడు కలిపి మూత పెడితే, తెల్లారేలోగా ఆ గిన్నెలో జరిగే పని అంతా ఈ చక్కెర చుట్టూనే తిరుగుతుంది. తోడులోని బ్యాక్టీరియా లాక్టోజ్‌ను తిని లాక్టిక్ ఆమ్లాన్ని బయటికి వదులుతాయి. ఆమ్లం పెరిగేకొద్దీ పాల పీహెచ్ విలువ 6.6 నుంచి దిగుతూ 4.6 దాకా వస్తుంది. అక్కడికి వచ్చేసరికి, కేసిన్ అనే పాల మాంసకృత్తు కణాలను అంతవరకు ఎడంగా ఉంచిన విద్యుదావేశం పోతుంది. అవి ఒకదానికొకటి అంటుకుని, వలలా అల్లుకుని, నీటిని ఆ వలలోనే పట్టి ఉంచుతాయి. పెరుగు తోడుకుంది అనేది ఈ స్థితినే.

చక్కెరను తినాలంటే బ్యాక్టీరియా మూడు పనులు చేయాలి. బయట ఉన్న లాక్టోజ్‌ను తన పొర దాటించి లోపలికి తెచ్చుకోవాలి. ఆ జంటను విడగొట్టాలి. విడిపోయిన రెండు చక్కెరలనూ మరింత విరిచి శక్తి రాబట్టుకోవాలి. ఒక్కో పనికి ఒక్కో ప్రొటీన్, కొన్నిటికి నాలుగైదు ప్రొటీన్లు కావాలి. ప్రతి ప్రొటీన్‌కూ వెనక ఒక జన్యువు ఉండాలి. పాలను పులియబెట్టే బ్యాక్టీరియాలన్నీ ఈ పనులు చేస్తాయి గానీ, అన్నీ ఒకే దారిలో చేయవు. ఏ జన్యువు ఉంది, ఏది లేదు, ఏది ఉండి కూడా మూగబోయింది అన్న దాన్ని బట్టే పెరుగు పులుపు, వాసన, చివరికి అది ఎవరికి అరుగుతుంది అన్నది కూడా మారుతుంది.

వీటిలో అన్నిటికంటే ఎక్కువగా పరిశోధకుల చేతుల్లో నలిగినది లాక్టోకాకస్ లాక్టిస్. గుండ్రటి బ్యాక్టీరియా. 30 డిగ్రీల వేడి దగ్గర బాగా పెరుగుతుంది. మన ఇంటి పెరుగులోనూ, యూరప్‌లోని చెడ్డర్, గౌడా చీజుల్లోనూ పని చేసే ముఖ్యమైన వాటిలో ఇదొకటి. బ్రిటిష్ శస్త్రవైద్యుడు జోసెఫ్ లిస్టర్ పుల్లబడిన పాల నుంచి దీన్ని వేరుచేసి, 1878లో శుద్ధ కల్చర్‌గా చూపించాడు. ఒక బ్యాక్టీరియాను మరే జీవి కలవకుండా విడిగా పెంచిన తొలి సందర్భాల్లో అది ఒకటి.

లాక్టోకాకస్ లాక్టిస్ లాక్టోజ్‌ను ఉన్నదున్నట్టు లోపలికి రానివ్వదు. పొరలో ఉన్న రవాణా ప్రొటీన్లు చక్కెరను లోపలికి లాగుతూనే దానికి ఒక ఫాస్ఫేట్ తగిలిస్తాయి. ఫాస్ఫేట్ తగిలిన చక్కెర తిరిగి బయటికి పోలేదు. తేవడం, కట్టేయడం ఒకే అడుగులో అయిపోతాయి కాబట్టి శక్తి ఖర్చు తగ్గుతుంది. లోపల ఫాస్ఫో-బీటా-గాలక్టోసిడేజ్ అనే ఎంజైమ్ ఆ జంటను విడగొడుతుంది. గ్లూకోజ్ నేరుగా గ్లైకాలిసిస్ అనే సామాన్యమైన దారి పడుతుంది. ఫాస్ఫేట్ తగిలి ఉన్న గాలక్టోజ్ మాత్రం టాగటోజ్ అనే మరో చక్కెర రూపంలోకి మారి, ముక్కలై, చివరికి అదే దారిలో కలుస్తుంది. ఈ ఏర్పాటులో ఏదీ మిగిలిపోదు. ఒక లాక్టోజ్ అణువు నుంచి నాలుగు లాక్టిక్ ఆమ్ల అణువులు వస్తాయి.

ఈ పనులకు కావలసిన ఎనిమిది జన్యువులు డీఎన్ఏ మీద వరసగా, ఒకే గొలుసులో ఉంటాయి. 1990ల ఆరంభంలో నెదర్లాండ్స్‌లోని నిజో పాడి పరిశోధన సంస్థలో విల్లెం డి వోస్ బృందం ఈ గొలుసును అక్షరం అక్షరం చదివింది. వరసకు పక్కనే, ఎదురు దిక్కుగా తిరిగి, తొమ్మిదో జన్యువు ఒకటి ఉంటుంది. అది తయారుచేసే ప్రొటీన్ కాపలాదారు. లాక్టోజ్ లేనప్పుడు గొలుసు మొదట్లో కూర్చుని జన్యువులను చదవనివ్వదు. చక్కెర లోపలికి రావడం మొదలై, టాగటోజ్-6-ఫాస్ఫేట్ పోగయితే, కాపలాదారు పట్టు సడలి పక్కకు తొలగుతుంది. అప్పుడు ఎనిమిది జన్యువులూ ఒక్కసారిగా పనిలోకి దిగుతాయి.

జన్యువులకు ఇలాంటి స్విచ్ ఉంటుందని ప్రపంచం మొదట తెలుసుకున్నది లాక్టోజ్ ద్వారానే. 1961లో పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో ఫ్రాంస్వా జాకబ్, జాక్ మొనో పేగుల్లో ఉండే ఈ.కోలై బ్యాక్టీరియాలో లాక్టోజ్ జన్యువుల నియంత్రణను వివరించారు. 1965లో వారికి నోబెల్ బహుమతి వచ్చింది. ప్రతి జీవశాస్త్ర పాఠ్యపుస్తకంలోనూ ఉండే ఆ ఈ.కోలై కథే లాక్టోజ్ కథ అంతా అని విద్యార్థులు అనుకోవడం సహజం. నిజానికి పెరుగు బ్యాక్టీరియా అదే సమస్యను వేరే ప్రొటీన్లతో, వేరే సంకేతంతో పరిష్కరించుకుంది. ఈ.కోలైలో స్విచ్ తెరిచేది లాక్టోజ్ నుంచే పుట్టే అల్లోలాక్టోజ్. ఇక్కడ ఆ పని టాగటోజ్ రూపానిది.

అంతకంటే పెద్ద తేడా, ఆ జన్యువులు ఉన్న చోటులో ఉంది. బ్యాక్టీరియా జన్యువుల్లో ఎక్కువ భాగం ఒక పెద్ద క్రోమోజోమ్ మీద ఉంటాయి. లాక్టోకాకస్‌లో అది దాదాపు 25 లక్షల అక్షరాల పొడవు. దానికి తోడు ప్లాస్మిడ్లు అనే చిన్న చిన్న డీఎన్ఏ వలయాలు విడిగా ఉంటాయి. కణం రెండుగా చీలేటప్పుడు ప్లాస్మిడ్ ఒక్కోసారి ఒక పిల్లకణానికి అందకుండా పోవచ్చు. పాడి పరిశ్రమను ఎన్నో ఏళ్లు వేధించిన ఒక చిక్కు ఇక్కడే విడింది. నిన్నటిదాకా చకచకా పాలను పులియబెట్టిన కల్చర్ ఉన్నట్టుండి మందగించేది. దానిలోని కొన్ని కణాలకు లాక్టోజ్ తినడం చేతకాకుండా పోయేది. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో లారీ మెకే, ఆయన సహచరులు 1972లో ఈ గుణం పోవడాన్ని వర్ణించారు. ప్లాస్మిడ్లను వదిలించే అక్రిఫ్లావిన్ అనే రంగుపదార్థం కలిపి పెంచితే, లాక్టోజ్ తినలేని కణాలు మరింత ఎక్కువగా పుట్టుకొచ్చాయి. చూపు ప్లాస్మిడ్ల మీదికి మళ్లింది. ఆ తర్వాత కొన్నేళ్ల పరిశోధనతో, పాల చక్కెర తినే నేర్పు క్రోమోజోమ్ మీద కాక ప్లాస్మిడ్ మీద ఉందని రుజువైంది.

1983లో బ్రిటన్‌లో మైకేల్ గాసన్ ఒక చీజ్ బ్యాక్టీరియా నుంచి ప్లాస్మిడ్లన్నిటినీ తొలగించి చూశాడు. లాక్టోజ్ జన్యువులు సుమారు 55 వేల అక్షరాల ప్లాస్మిడ్ ఒకదాని మీద ఉన్నాయని, కేసిన్‌ను కోసే ఎంజైమ్ జన్యువు కూడా దాని మీదే ఉందని తేలింది. చక్కెర, మాంసకృత్తు రెండూ వాడుకునే శక్తి ఒకే వలయంలో ఉందన్నమాట. పాలలో విడి ఎమైనో ఆమ్లాలు బహు తక్కువ కాబట్టి, ఆ రెండు శక్తులూ ఉంటేనే అక్కడ పుష్టిగా బతకడం సాధ్యం. వలయం పోగొట్టుకున్న కణాల సంతతి నేటికీ ప్రయోగశాలల్లో విరివిగా వాడుకలో ఉంది. దానికి మరో చక్కెర, తగిన పోషకాలు అందిస్తే హాయిగా పెరుగుతుంది. పాలలో వేస్తే మాత్రం నిలదొక్కుకోలేదు.

ఇంత తేలికగా జారిపోయే జన్యువులు తరతరాలుగా తోడులో ఎలా నిలిచాయి? పాలే వాటిని నిలిపాయి. పాలలో ప్లాస్మిడ్ పోయిన కణం ఆకలితో వెనకబడుతుంది, ఉన్న కణం గంటల్లో లక్షలుగా పెరుగుతుంది. ప్రతి రాత్రీ గిన్నెలోంచి తీసే తోడులో ఎక్కువగా ఉండేవి ఆ గెలిచిన కణాలే. పంటలో మంచి కంకులు ఏరి విత్తనం కట్టే రైతు చేసే పనినే, తెలియకుండానే, ప్రతి వంటింట్లోనూ తోడు పెట్టే చేయి చేస్తూ వచ్చింది.

ఈ బ్యాక్టీరియాకు పాలు పుట్టిల్లు కాదు. దాని బంధువులు ఆకుల మీద, గడ్డి మీద, మొలకల మీద విస్తారంగా ఉన్నాయి. శాస్త్రవేత్తలు బాగా అధ్యయనం చేసిన ఒక లాక్టోకాకస్ వంశం, కేఎఫ్147, మొలకెత్తిన పెసల నుంచి దొరికింది. మొక్కల కణకుడ్యాల్లోని చక్కెరలు, పప్పుల్లోని రాఫినోజ్ లాంటి చక్కెరలు ఎన్నో తినగల జన్యువులు దానికి ఉన్నాయి. పాలలో మాత్రం అది నెమ్మది. నెదర్లాండ్స్ పరిశోధకులు ఈ పెసర బ్యాక్టీరియాను పాలలో పెంచుతూ, కొంచెం తీసి మళ్లీ తాజా పాలలో వేస్తూ, దాదాపు వెయ్యి తరాలు నడిపించి 2012లో ఫలితాలు ప్రచురించారు. మన ఇళ్లలో తోడు మార్చే పద్ధతి సరిగ్గా ఇదే. వెయ్యి తరాల తర్వాత ఆ బ్యాక్టీరియా పాలలో మునుపటికంటే వేగంగా పెరిగింది. పాల మాంసకృత్తు ముక్కలను లోపలికి తెచ్చుకునే జన్యువుల జోరు పెరిగింది. సొంతంగా ఎమైనో ఆమ్లాలు తయారు చేసుకునే జన్యువుల జోరు తగ్గింది. కొన్ని వంశాలు మొక్కల చక్కెర తినడానికి పనికొచ్చే 51 వేల అక్షరాల డీఎన్ఏ ముక్కను మొత్తంగా వదిలేసుకున్నాయి. పాలలో రాఫినోజ్ లేదు, ఆ బరువు మోయడం దండగ.

తోడు అయిపోయినప్పుడు పచ్చిమిరపకాయ తొడిమలు పాలలో వేసి పెరుగు చేసుకునే అలవాటు తెలుగు ఇళ్లలో ఉంది. మొక్కల మీద సహజంగా ఉండే లాక్టిక్ బ్యాక్టీరియా ఆ తొడిమలతో పాటు పాలలోకి దిగుతుంది. ఆ మొదటి పెరుగు పలచగా ఉంటుంది, ఆలస్యంగా తోడుకుంటుంది. దాన్నే తోడుగా వేసి రెండోసారి, మూడోసారి చేస్తే గట్టిపడుతుంది. పాల చక్కెరను చురుగ్గా వాడుకోగల రకాలు ఒక్కో విడతలో మిగతావాటిని దాటి ముందుకు రావడమే దీనికి కారణం. చిట్కాగా చెప్పుకునే ఈ పని వెనక అచ్చమైన జన్యు ఎంపిక ఉంది.

అంగట్లో యోగర్ట్ పేరుతో అమ్మేది వేరే జంట పని. స్ట్రెప్టోకాకస్ థర్మోఫిలస్, లాక్టోబాసిల్లస్ బల్గారికస్ రెండూ 42 డిగ్రీల దరిదాపు వేడిని ఇష్టపడతాయి. రెండోదాన్ని 1905లో జెనీవాలో చదువుకుంటున్న బల్గేరియా వైద్య విద్యార్థి స్టామెన్ గ్రిగొరోవ్ కనిపెట్టాడు. ఈ రెండూ లాక్టోజ్‌కు ఫాస్ఫేట్ తగిలించవు. వీటి రవాణా ప్రొటీన్ లాక్టోజ్‌ను అలాగే లోపలికి తెస్తుంది. లోపల బీటా-గాలక్టోసిడేజ్ దాన్ని విడగొడుతుంది. గ్లూకోజ్ లాక్టిక్ ఆమ్లం వైపు పోతుంది. గాలక్టోజ్‌ను మాత్రం కణం వాడుకోదు, బయటికి పంపేస్తుంది. ఆ పంపడంలో ఒక సొగసైన లెక్క ఉంది. ఒక గాలక్టోజ్ బయటికి పోతుంటే, అదే ద్వారంలోంచి, అదే ఊపుతో ఒక లాక్టోజ్ లోపలికి వస్తుంది. వేరే శక్తి ఖర్చు లేకుండా ఆహారం తెచ్చుకునే ఈ మారకం థర్మోఫిలస్‌ను పాలలో అత్యంత వేగంగా పెరిగే బ్యాక్టీరియాల్లో ఒకటిగా నిలబెట్టింది.

థర్మోఫిలస్‌కు గాలక్టోజ్ తినే జన్యువులు లేకపోలేదు. అర్జెంటీనా శాస్త్రవేత్త లూయిస్ లెలోయిర్ విశదపరిచిన, 1970లో ఆయనకు రసాయన శాస్త్రంలో నోబెల్ తెచ్చిన పరిశోధనల్లో భాగమైన గాలక్టోజ్ మార్గం తాలూకు జన్యువులన్నీ చాలా వంశాల్లో చెక్కుచెదరకుండా ఉన్నాయి. పాడైనది వాటి ముందుండే ప్రమోటర్, అంటే జన్యువును చదవడం మొదలుపెట్టమని చెప్పే కొద్దిపాటి అక్షరాల వరస. అక్కడ జరిగిన ఒకటి రెండు అక్షరాల మార్పుల వల్ల చదవడం నీరసించింది. ఆ వరసలో మరో అక్షరం మారి స్విచ్ మళ్లీ బలపడితే, గాలక్టోజ్ తినే వంశం పుడుతుంది. అలాంటివి అరుదుగా దొరుకుతాయి, వాటికి గిరాకీ ఉంది. మొజరెల్లా చీజ్‌లో గాలక్టోజ్ మిగిలిపోతే, పిజ్జా ఓవెన్ వేడికి అది మాంసకృత్తులతో కలిసి మాడినట్టు నల్లబడుతుంది. అందుకని చీజ్ తయారీదారులు గాలక్టోజ్ తినే వంశాలనైనా వెతుకుతారు, లేదా ఆ చక్కెరను తినగల లాక్టోబాసిల్లస్ హెల్వెటికస్‌ను జత చేస్తారు.

2004లో థర్మోఫిలస్ జీనోమ్ మొత్తాన్ని చదివినప్పుడు, దాని జన్యువుల్లో దాదాపు పదో వంతు చచ్చుపడినవేనని తేలింది. పేరుకు వరస ఉంటుంది, పనిచేసే ప్రొటీన్ రాదు. వాటిలో చాలా భాగం రకరకాల చక్కెరలను తెచ్చుకునే, తినే జన్యువులే. ఎప్పుడూ లాక్టోజే దొరికే చోట మిగతా చక్కెరల పనిముట్లు తుప్పుపట్టాయి. మనుషుల్లో గొంతునొప్పి, న్యుమోనియా తెచ్చే స్ట్రెప్టోకాకస్ కుటుంబంలోనే పుట్టిన ఈ బ్యాక్టీరియా, రోగం కలిగించే జన్యువులను కూడా చాలావరకు పోగొట్టుకుని సాధువైంది. దానికి లాక్టోజ్ అంటే ఎంత మక్కువంటే, గ్లూకోజ్ కంటే లాక్టోజ్ మీదే బాగా పెరుగుతుంది. బ్యాక్టీరియా లోకంలో ఇది అరుదు. మామూలుగా గ్లూకోజ్ ఉన్నంతసేపు మిగతా చక్కెరల జన్యువులు మూతబడి ఉంటాయి.

ఈ జంట ఒకదాని లోటు ఒకటి పూడ్చుకుంటుంది. బల్గారికస్ కేసిన్‌ను కోసి ఎమైనో ఆమ్లాలు అందిస్తుంది. థర్మోఫిలస్ ఫార్మిక్ ఆమ్లం, కార్బన్ డయాక్సైడ్, ఫోలిక్ ఆమ్లం ఇస్తుంది. విడివిడిగా వేస్తే గంటలు పట్టే పులుపు, కలిపి వేస్తే త్వరగా వస్తుంది.

చక్కెర విరిగి ముక్కలయ్యాక ప్రయాణం పైరువేట్ అనే పదార్థం దగ్గర ఆగి, అక్కణ్నుంచి దారులు చీలుతాయి. లాక్టోకాకస్‌లో గ్లైకాలిసిస్‌కు కీలకమైన రెండు ఎంజైమ్‌ల జన్యువులు, లాక్టిక్ ఆమ్లం తయారుచేసే జన్యువు, మూడూ ఒకే గొలుసులో ఉన్నాయని 1993లో తెలిసింది. చక్కెర పుష్కలంగా ఉంటే మూడూ కలిసి పరుగెత్తి లాక్టిక్ ఆమ్లమే కుమ్మరిస్తాయి. చక్కెర కొరవడితే పైరువేట్ ఫార్మిక్, ఎసిటిక్ ఆమ్లాల వైపు, ఆల్కహాల్ వైపు మళ్లుతుంది. ఆ దారిలో ఒక్కో అణువుకు శక్తి ఎక్కువ వస్తుంది. అయినా చక్కెర పుష్కలంగా ఉన్నప్పుడు బ్యాక్టీరియా తక్కువ లాభం వచ్చే దారినే ఎంచుకుంటుంది, ఎందుకంటే అది వేగమైనది. పైగా వదిలిన ఆమ్లం పోటీదారులను చంపుతుంది.

వెన్నకు, మంచి పెరుగుకు ఉండే కమ్మని వాసన కూడా పైరువేట్ నుంచి పుట్టిందే. పాలలో స్వల్పంగా సిట్రేట్ ఉంటుంది. లాక్టోకాకస్‌లోని డయాసిటిలాక్టిస్ అనే రకం దాన్ని లోపలికి తెచ్చుకుని, పైరువేట్ మీదుగా డయాసిటైల్ అనే పదార్థంగా మారుస్తుంది. వెన్న వాసన దానిదే. సిట్రేట్‌ను లోపలికి తెచ్చే జన్యువు దాదాపు ఎనిమిది వేల అక్షరాల మరో చిన్న ప్లాస్మిడ్ మీద ఉంటుంది. అది జారిపోతే పెరుగు పుల్లగా ఉంటుంది, వాసన ఉండదు.

ఈ జ్ఞానం తిరిగి ఆహార తయారీలోకి వచ్చింది. 1999లో యూరప్ పరిశోధకులు లాక్టిక్ ఆమ్లం తయారుచేసే జన్యువును తీసేసిన లాక్టోకాకస్‌లో వేరే బ్యాక్టీరియా జన్యువు ఒకటి పెట్టి, చక్కెర మొత్తాన్ని అలనిన్ అనే తియ్యని ఎమైనో ఆమ్లంగా మార్పించారు. కొత్త జన్యువు చేరిందో లేదో గుర్తించడానికి యాంటీబయాటిక్ నిరోధక జన్యువులు వాడడం ఆహారంలో తగదు కాబట్టి, లాక్టోజ్ గొలుసులోని ఒక చిన్న జన్యువునే గుర్తుగా వాడే పద్ధతి నిజోలో వచ్చింది. ఆ జన్యువు లేని కణం లాక్టోజ్ తినలేదు. కొత్త ప్లాస్మిడ్‌తో పాటు అది తిరిగి అందితే తింటుంది. 2016లో డెన్మార్క్‌కు చెందిన క్రిస్ హాన్సెన్ సంస్థ పరిశోధకులు బయటి జన్యువేదీ పెట్టకుండానే తియ్యని యోగర్ట్‌కు దారి చూపారు. గాలక్టోజ్ తినగల థర్మోఫిలస్ వంశాల్లో, గ్లూకోజ్‌ను వాడుకునే జన్యువు దానంతటది దెబ్బతిన్న కణాలను ఏరారు. అవి గాలక్టోజ్ తిని బతుకుతూ, గ్లూకోజ్‌ను పాలలోకి వదిలేస్తాయి. పంచదార తక్కువ వేసినా తీపి తగులుతుంది.

పాలు తాగితే కడుపు ఉబ్బరం, విరేచనాలు అయ్యేవారికి ఈ జన్యువుల తేడా నేరుగా సంబంధించిన విషయం. వారి పేగుల్లో లాక్టోజ్‌ను విడగొట్టే ఎంజైమ్ పెద్దయ్యాక తగ్గిపోతుంది. యోగర్ట్ జంటలోని బ్యాక్టీరియా పేగుల్లోకి చేరి, అక్కడి పిత్తరసానికి చీలినప్పుడు వాటి బీటా-గాలక్టోసిడేజ్ బయటికి వచ్చి ఆ పని చేస్తుంది. గ్రాముకు కనీసం పది కోట్ల బతికున్న బ్యాక్టీరియా ఉన్న యోగర్ట్ ఇలా మేలు చేస్తుందని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2010లో ఒప్పుకుంది. లాక్టోకాకస్ ఎంజైమ్ మాత్రం ఫాస్ఫేట్ తగిలిన లాక్టోజ్‌నే విడగొట్టగలదు, పేగుల్లోని మామూలు లాక్టోజ్ దానికి పట్టుబడదు. అందువల్ల అచ్చంగా లాక్టోకాకస్‌తో తోడుకున్న పెరుగులో, పులిసేటప్పుడు తగ్గిన లాక్టోజ్ మేరకే ఉపశమనం ఉంటుంది. ఏ పెరుగైనా మరిగిస్తే బ్యాక్టీరియా చస్తుంది, ఎంజైమ్ చెడుతుంది. పాలు పడనివారు మజ్జిగ పులుసు కంటే కాచని పెరుగు, మజ్జిగ తీసుకోవడం మంచిది.